స్నోషూలకి బరువు అడిగాను, షుగర్ అడగలేదు

పదమూడేళ్లు నేను ఏం ఉద్యోగం చేశానో మా చుట్టాల్లో సగంమందికి ఇప్పటికీ అర్థం కాలేదు. "ప్రసాదు అమెరికాలో చెప్పుల కొట్లో చేస్తున్నాట్ట" అని మా పెద్దత్తయ్య గుంటూరంతా చాటింపు వేసింది. ఆవిడ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. సియాటెల్‌కి గంటంబావు దూరంలో, కొండ మీద, చలికాలంలో స్నోషూలు అద్దెకిచ్చే షాపు అది. స్నోషూ అంటే మరేం లేదు, మంచులో తొడల దాకా దిగబడిపోకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రం. మన ఆంటీలు మొదటిసారి చూడగానే "ఇవేంటండీ, చేటలు!" అనేవాళ్లు. మా ఇంట్లోనూ వాటికి చేటలనే పేరు స్థిరపడిపోయింది.

ఇప్పుడు నా కౌంటర్లో మేఘన నిలబడబోతోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "అంకుల్, మీకు తెల్సింది అంతా రాసివ్వండి. తెలుగులోనే రాయండి, నేను స్లోగా చదువుతా" అంది. సరే తల్లీ, స్లోగానే చదువు. షాపు తలుపు ఎన్నింటికి తియ్యాలి, రసీదు ఎలా కొట్టాలి లాంటివి ఇందులో ఉండవు, అవి కంప్యూటరే చెబుతుంది. నేను చేసిన తప్పులు కంప్యూటర్లో లేవు. అన్నిటికంటే ముఖ్యంగా రామ్మూర్తిగారి కాళ్ల సంగతి లేదు. నా నోటిదురద వల్ల ఒక పెద్దాయన కాళ్ల మీదికొచ్చింది. అక్కడికి వచ్చేలోపు కాస్త పని నేర్చుకో.

నేను ఇందులో ఎలా పడ్డాను

2001 చివర్లో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడింది. అప్పుడు ఊడనిది ఎవడిది! గ్రీన్ కార్డ్ అంతకు ముందే చేతికొచ్చింది కాబట్టి పెట్టే బేడా సర్దుకునే పని తప్పింది. మా ఆవిడ సరళ హాస్పిటల్ ఫార్మసీలో చేసేది. నేను ఇంట్లో కూర్చుని పోపులపెట్టెకి లేబుల్స్ అంటించడం, పప్పుల డబ్బాలు అక్షరక్రమంలో సర్దడం మొదలుపెట్టేసరికి ఆవిడకి పిచ్చెత్తింది. "మీకు దండం పెడతాను, పగలంతా ఎక్కడికైనా పోయి రండి" అంది.

అలా ఓ రోజు కారేసుకుని కొండెక్కి, ఈ షాపులో స్నోషూలు తీసుకుని, వంద గజాలు కూడా వెళ్లకముందే మూడుసార్లు బొక్కబోర్లా పడ్డాను. కోపంగా వెనక్కొచ్చి ఓనర్ బార్బరాని పట్టుకుని దులిపేశాను. టెస్టింగ్ టీమ్‌లో పనిచేసినవాణ్ణి కదా, బగ్ దొరికిందన్న హుషారు ఒకటి. "బకిల్స్ లోపలి వైపు పెట్టారు, ఒకదానికొకటి తగులుకుంటున్నాయి, ఇది డిజైన్ లోపం" అన్నాను. బార్బరాకి అప్పుడు అరవై దగ్గర. కళ్లజోడు మీంచి నా కాళ్ల వైపు చూసి, "ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి తొడిగావు" అంది.

నా మొహం ఇంతైపోయింది. సిగ్గుతో అక్కడే బెంచీ మీద కూర్చుని విప్పుతుంటే, పక్కన ఒక కుర్రజంట అదే తప్పు చేస్తూ కనబడింది. ఆపి సరిచేశాను. ఆ వెనక ఇంకొకాయన, ఆయన్నీ ఆపాను. అరగంట తర్వాత బార్బరా వచ్చి, "నువ్వు పడ్డ గొయ్యి నీకు బాగా కనబడుతోంది. రేపు పొద్దున్న ఎనిమిదికి రా" అంది. అదే నా ఇంటర్వ్యూ.

ఆవిడకి ఒకటే రూలు. మనం నడవని జత ఇంకొకరికి ఇవ్వకూడదు. వారం రోజులు షాపులో ఉన్న ప్రతి రకం కట్టించి నన్ను ఎత్తూ పల్లం తిప్పింది. రాత్రిళ్లు తొడలు పీకేసేవి. కానీ ఆ వారంలో నేర్చుకున్నది ఇంకే బ్రోషర్లోనూ నాకు దొరకలేదు.

బరువు చెప్పని మనుషులు

స్నోషూ సైజు బూటు సైజుని బట్టి ఉండదు, మనిషి బరువుని బట్టి ఉంటుంది. మనిషితోపాటు వీపుమీద సంచీ కూడా లెక్కే. మన కొండల్లో మంచు తడిగా, గట్టిగా ఉంటుంది కాబట్టి మరీ పెద్దవి అక్కర్లేదు. పొడి మంచు పడే రాష్ట్రాల్లో అయితే ఇంకో సైజు పెద్దది కావాలి. ఎక్కే దారైతే అడుగున పళ్లు పదునుగా ఉండాలి, మడమ కింద లేపుకునే కడ్డీ ఉంటే పిక్కలకి సుఖం. చదును దారైతే ఆ హంగులన్నీ దండగ, తేలిగ్గా ఉంటే చాలు.

మనవాళ్లతో వచ్చే చిక్కేంటంటే పెద్దది కనబడితే అదే కావాలంటారు. పదేళ్ల కొడుక్కి తన సైజే కట్టించమని ఒకాయన నాతో పేచీ పెట్టుకున్నాడు. "ఒకటే అద్దె అయినప్పుడు చిన్నదెందుకండీ?" అని ఆయన వాదన. పెద్ద చేటలు కట్టుకుంటే కాళ్లు ఎడంగా పెట్టి నడవాలి, మైలు తిరిగేసరికి తుంటి కీళ్లు పట్టేస్తాయి. దిగబడకుండా ఆపే వాటిల్లో అతి చిన్నదే మంచి జత. ఈ వాక్యం కింద గీత గీసుకో మేఘనా.

ఇక బరువు. నా మొదటి రెండు సీజన్లూ కౌంటర్లోంచి గట్టిగా "మీ వెయిట్ ఎంతండీ?" అని అడిగేవాణ్ణి, మూర్ఖుణ్ణి. క్యూలో ఇరవైమంది ఉండగా ఏ ఆడమనిషి చెబుతుంది? "ఫిఫ్టీ ఫైవ్ కిలోస్ అండీ" అని ఒకావిడ అంటే వెనక భర్తకి పొలమారింది. సరే కదా అని ఆ లెక్కకి ఇచ్చాను. ఆవిడ అడుగడుక్కీ దిగబడి, నన్నూ నా షాపునీ తిట్టుకుంటూ తిరిగొచ్చింది. మగవాళ్లు మాత్రం ఏం తక్కువ? కాలేజీలో ఉన్నప్పటి బరువు చెబుతారు.

దీనికి మందు మా ఇంట్లోనే దొరికింది. ఇండియా వెళ్లేముందు ప్రతి తెలుగింట్లోనూ ఒక తతంగం ఉంటుంది కదా, సూట్‌కేస్ పట్టుకుని బాత్రూమ్ కాటా మీద ఎక్కడం, తర్వాత ఉత్తినే ఎక్కడం, తీసివేత చెయ్యడం. అలా సరళ కాటా ఎక్కుతుండగా నాకు బుర్రలో బల్బు వెలిగింది. మర్నాడు షాపులో ఒక కాటా పెట్టి, "మీ బ్యాగ్ బరువు చూడాలండీ, పట్టుకుని ఎక్కండి" అనడం మొదలుపెట్టాను. చకచకా ఎక్కేసేవాళ్లు! మనిషీ సంచీ కలిపి అంకె నాకొక్కడికే కనబడేలా తిప్పి పెట్టాను. మనకి కావల్సిందీ ఆ మొత్తమే. బార్బరా వారం రోజులు గమనించి, "నీలో ఇంత మోసం ఉందని తెలీదు" అని మెచ్చుకుంది.

కట్టడం, నడవడం, పడిపోవడం

బకిల్స్ బయటివైపు. ముందు వేళ్ల దగ్గర బిగించు, తర్వాత మడమ వెనక. మడమ పైకి లేవాలి, పక్కకి జారకూడదు. జీన్సూ కాటన్ మేజోళ్లూ వేసుకుని వచ్చినవాళ్లని నిర్మొహమాటంగా వెనక్కి పంపు. కాటన్ తడిస్తే మరి ఆరదు. ఉన్ని మేజోళ్లు, పైన నీళ్లు దిగని ప్యాంటు ఉండాలి. చేతికర్రలు వద్దనేవాళ్లకి కూడా బలవంతంగా ఇవ్వు, అరమైలు తర్వాత వాళ్లే దణ్ణం పెడతారు.

ఇంకోటి, స్నోషూలతో వెనక్కి నడవకూడదు. చట్రం వెనక తోక మంచులో గుచ్చుకుని వెల్లకిలా పడతారు. అమెరికన్లకి ఇది ఒకసారి చెబితే చాలు. మనవాళ్లకి పదిసార్లు చెప్పాలి, ఎందుకంటే మనం కొండకి వచ్చేదే ఫోటోలకి. గ్రూప్ మొత్తం ఫ్రేములోకి రావడం లేదని కెమెరా పట్టుకున్నవాడు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తాడు. చూస్తుండగానే మనిషి మాయం! అందుకని వాళ్ల వెంట గైడ్‌గా నడిచేటప్పుడు ఫోటోలు తియ్యడం నా పనిగా పెట్టుకున్నాను. ఎవరూ పడకుండా నేనే తీసేవాణ్ణి. అది మంచి ఏర్పాటని నా నమ్మకం. అదే ఒకరోజు నా కళ్లు కప్పింది.

మన అమర్‌నాథ్

శని ఆదివారాల్లో రెండు మైళ్ల దారిలో వాకింగ్ తీసుకెళ్లేవాణ్ణి. చివర్లో చిన్న జలపాతం ఉంటుంది. దాని పక్కన రాతి చూరు కింద నీళ్లు బొట్టు బొట్టుగా పడి, గడ్డకట్టి, కిందనుంచి పైకి గుండ్రంగా లేస్తాయి. జనవరి ఆఖరుకి నడుమెత్తు. తెల్లగా, నున్నగా, అచ్చు లింగమే.

నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. కానీ తెలుగు గ్రూపులు వస్తే నవ్వించాలన్న యావ మాత్రం చచ్చేంత ఉంది. ఆ మలుపు తిరగ్గానే చేతులు చాపి, "రండి బాబూ రండి! అమర్‌నాథ్ దర్శనం, గుర్రాలు లేవు, క్యూ లేదు, ఇరుముడి అక్కర్లేదు!" అని అరిచేవాణ్ణి. "అంకుల్, ఇరుముడి శబరిమలకి" అని ఎవరో ఒకరు సరిచేసేవాళ్లు, ఇంకా నవ్వేవాళ్లం. జోకు పండింది కాబట్టి ఏళ్ల తరబడి అదే వేశాను.

ఒకసారి ఒక పెద్దావిడ ఆ జోకు వినగానే వంగి స్నోషూ పట్టీలు విప్పబోయింది. "అమ్మా, ఇక్కడ చెప్పుల స్టాండ్ లేదండీ" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ సిగ్గుపడి మళ్లీ బిగించుకుంది. నేనూ నవ్వేసి ముందుకు నడిచాను. పని తెలిసినవాడైతే ఆ రోజే ఆగి ఆలోచించేవాడు.

రామ్మూర్తిగారు

2012 ఫిబ్రవరిలో, శివరాత్రికి రెండు రోజుల ముందు, స్వప్న, ఆమె భర్త కిరణ్ వచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. స్వప్న తండ్రి రామ్మూర్తిగారు ఆర్నెల్లు ఉండడానికి వచ్చాడు, ఆయన్నీ తీసుకొచ్చారు. డెబ్భై దాటాయి, అమలాపురం వైపు మనిషి, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. కాటా ఎక్కమంటే బ్యాగు పక్కన పెట్టి, "నా బరువు నూట నలభై రెండు పౌండ్లండి, నిన్ననే చూసుకున్నాను, ఆయ్" అన్నాడు. పదేళ్లలో నాకు నిజం చెప్పిన మొదటి మనిషి అనుకున్నాను.

ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పట్టీలు నేనే బిగించాను. ఆయనకది ఇబ్బందిగా ఉంది, నా భుజం పట్టుకుని లేపబోయాడు. "నా ఉద్యోగమే ఇదండీ" అన్నాను. "బిగుతుగా ఉందా?" అని అడిగితే, "ఏం తెలవటం లేదండి, బానే ఉంది" అన్నాడు. ఇంకో రంధ్రం బిగించి అడిగాను. "అయినా ఏం తెలవటం లేదండి" అన్నాడు. సర్దుకుపోయే మనిషి, మంచి కస్టమర్ అనుకుని లేచాను. మేఘనా, ఆ మాట ఇంకోసారి చదువు. నేను ఆ రోజు చదవలేదు.

ఎండ కాస్తోంది కానీ చలి చంపేస్తోంది, మీసాల మీద ఊపిరి గడ్డకట్టే చలి. దారిలో ఆయన నా పక్కనే నడిచాడు. ముప్పై రెండేళ్లు బస్సు నడిపి ఒక్క యాక్సిడెంట్ కూడా చెయ్యలేదట. "ఈ కాళ్లే కాపాడాయండి, క్లచ్చు మీదొకటి, బ్రేకు మీదొకటి" అన్నాడు. రిటైరయ్యాక ఒక్కటే కోరిక, అమర్‌నాథ్ వెళ్లాలని. రెండుసార్లు అప్లికేషన్ పెట్టుకుంటే డాక్టరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేదట. ఎందుకు పెట్టలేదో నేను అడగలేదు. నేనేం చేశానంటే, ముందున్న మలుపు తలుచుకుని లోపల్లోపల మురిసిపోయాను. ఇవాళ జోకు అదిరిపోతుంది అనుకున్నాను.

మలుపు తిరగ్గానే చేతులు చాపి అరిచాను. కిరణ్ నవ్వాడు, స్వప్న "నాన్నా, చూడు చూడు!" అంది. రామ్మూర్తిగారు నవ్వలేదు. నోరు కొంచెం తెరుచుకుని అలా నిలబడిపోయాడు. స్వప్న, కిరణ్ జలపాతం దగ్గర ఫోటోలు తియ్యమన్నారు. కొత్త కెమెరా, ఎవరికీ సరిగ్గా తెలీదు, ఇటు నుంచి కొన్ని, అటు నుంచి కొన్ని, గెంతుతూ కొన్ని. పావుగంట పైనే పట్టింది. పెద్దాయన దణ్ణం పెట్టుకుంటున్నాడు కదా, కాస్త ప్రశాంతంగా వదిలేద్దాం అని నేనే అన్నాను.

తిరిగి చూసేసరికి మంచు దిమ్మ పక్కన ఒక జత స్నోషూలు నీటుగా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. వాటి మీద బూట్లు, బూట్లలో మడిచిపెట్టిన మేజోళ్లు. గుడి బయట వదిలినట్టే. వెనకవైపు ఆయన ఉత్త కాళ్లతో, తొడల దాకా దిగబడి, రెండు చేతులూ జోడించి "ఓం నమశ్శివాయ" అనుకుంటూ ఒక్కో కాలూ పీక్కుంటూ ప్రదక్షిణ చేస్తున్నాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారండీ! రండి ఇవతలికి!" అని పరిగెత్తాను. ఆయన చేత్తో ఆగమని సైగ చేశాడు. "మూడో చుట్టండి, సగం అయింది, ఒక్క నిమిషం."

"బూట్లు వేసుకుని తిరగండి బాబూ, స్వామి ఏమనుకోడు. నంది గిట్టలతోనే కూర్చోలేదా ఎదురుగా?"

"నంది గిట్టలు విప్పలేడండి" అన్నాడు శాంతంగా. "నేను విప్పగలను."

చంకల కింద చేతులు వేసి పైకి లాగేశాను. ఆ మూడో చుట్టు అక్కడే సగంలో ఆగిపోయింది. కాళ్లు చూస్తే వేళ్లు మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. పైనుంచి కారిన నీళ్లకి తడిసి మరీ బిగుసుకుపోయాయి. "నొప్పిగా ఉందా?" అన్నాను. "అబ్బే, ఏం తెలవటం లేదండి" అన్నాడు. అప్పుడు స్వప్న ఏడుస్తూ అంది, "నాన్నకి షుగర్ అంకుల్! పదిహేనేళ్లుగా! కాళ్లకి స్పర్శ లేదు!"

బార్బరా పొట్ట

నడుముకున్న వాకీటాకీలో బార్బరాని పిలిచాను. ఆవిడ వచ్చేలోపు నేనూ కిరణూ ఏం చేశామో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. స్వప్న హ్యాండ్‌బ్యాగులోంచి నొప్పుల బామ్ తీసింది. మనకి తెలిసిన వైద్యం అదే కదా, చల్లబడితే అరికాళ్లు రుద్దడం. చెరో కాలూ పట్టుకుని బామ్ రాసి బరబరా రుద్దాం.

మంచు మీద నడిచే మోటారుబండి స్నోమొబైల్ వెనక, చక్రాల్లేని జారుడుబండి స్లెడ్ కట్టుకుని బార్బరా ఇరవై నిమిషాల్లో వచ్చింది. మా చేతులు చూసి ఒక్క అరుపు అరిచింది. "రుద్దుతున్నారా? గడ్డకట్టిన చర్మాన్ని రుద్దుతున్నారా? లోపల గాజుముక్కలతో గీకినట్టు, బుద్ధి లేదూ!" ఆవిడ నోట అంత మాట అంతకు ముందెప్పుడూ వినలేదు.

తర్వాత ఆవిడ చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. స్లెడ్‌లో ఆయనకి ఎదురుగా కూర్చుని, జాకెట్టు జిప్ తీసి, లోపలి చొక్కా పైకెత్తి, ఆయన రెండు పాదాలూ తన పొట్టకి ఆనించుకుని పైన జాకెట్ కప్పేసింది. రామ్మూర్తిగారు ఉలిక్కిపడ్డాడు. కాళ్లకి తెలియలేదు కానీ కళ్లకి తెలిసింది. "అయ్యయ్యో! అమ్మా! నా కాళ్లా తల్లీ, నీ ఒంటికా! వద్దు వద్దు!" అని లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. ఆయన చేతులు జోడించి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఏమంటున్నాడు?" అంది బార్బరా.

"కాళ్లు తగలడం తప్పు, అందులో ఆడవాళ్లకి మరీ తప్పు, క్షమించమంటున్నాడు."

"కదిలితే చంపేస్తానని చెప్పు."

చెప్పాను. ఆయన కదలడం మానేశాడు. స్నోమొబైల్ నేనే నడిపాను. బతుకులో అంత భయంగా ఏదీ నడపలేదు.

ఆ తర్వాత

ఇలాంటి గాయంలో ఏ వేలు బతుకుతుందో డాక్టర్లు వెంటనే చెప్పరు, వారాలు ఆగి చూస్తారు. ఆ వారాలు నాకు నిద్ర లేదు. పదివేళ్లూ పోవచ్చు, పాదమే పోవచ్చు, ఏమీ కాకపోవచ్చు అన్నారు. చూడ్డానికి వెళ్తే కిరణ్ గుమ్మంలోనే ఆపాడు. "అంకుల్, మామయ్యగారికి అది దేవుడు. మీకు జోక్. మీరు నోరు మూసుకుని ఉంటే అది ఐస్‌గడ్డలాగే ఉండేది కదా" అన్నాడు. అతను అన్నది నిజం.

చివరికి ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. మిగతా తొమ్మిదీ దక్కాయి. హాస్పిటల్లో నన్ను లోపలికి రానిచ్చింది రామ్మూర్తిగారే. నేను మంచం పక్కన నిలబడి, "తప్పు నాదండీ" అన్నాను. ఆయన దుప్పటి తీసి కట్టు చూపించాడు. "తిరపతిలో తలనీలాలు ఇవ్వమా ఏంటండి, ఇదీ అంతే" అని నవ్వాడు. ఆయన నవ్వాడు కానీ నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా ఆయన ఉండగానే ఏడ్చేశాను.

మానేస్తానని బార్బరాకి చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. అద్దె ఫారమ్, పెన్ను నా ముందు పెట్టి, "నువ్వు అడగని ప్రశ్న ఇందులో రాయి, తర్వాత పోదువుగాని" అంది. బరువు గడి పైన రాశాను: "మీ కాళ్లకి వేడి, చలి, నొప్పి తెలుస్తాయా?" రాశాక పోబుద్ధి కాలేదు. అప్పటినుంచి మూడేళ్లు ప్రతి పెద్దమనిషినీ కూర్చోబెట్టి, "షుగర్ ఉందా?" అని ముందు అడిగాను, బరువు తర్వాత. మనవాళ్లు షుగర్ గురించి దాచరు, అడిగితే మందుల పేర్లతో సహా చెబుతారు. అడగాలి, అంతే. అమర్‌నాథ్ జోకు మళ్లీ వెయ్యలేదు. ఆ మలుపు దగ్గర ఎవరైనా దణ్ణం పెట్టుకుంటే నేను ఫోటోలు తియ్యను, వాళ్ల కాళ్ల వైపు చూస్తూ నిలబడతాను.

నా ఆఖరి చలికాలం 2015ది. ఆ ఏడు మంచు సరిగ్గా పడనే లేదు, షాపు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కౌంటర్లో ఖాళీగా కూర్చుంటే తలుపు తీసుకుని రామ్మూర్తిగారు వచ్చాడు, వెనక స్వప్న, కిరణ్. ఆయన మళ్లీ ఆర్నెల్లకి వచ్చాడట. "ఆ చోటుకి ఓసారి తీసుకెళ్లండి, ఆయ్" అన్నాడు. నేను కిరణ్ వైపు చూశాను. అతను తల ఊపాడు. వంగి మామగారి ఎడమ బూట్లో చిటికెనవేలు ఖాళీలో ఉన్ని సర్దింది కూడా అతనే.

స్నోషూలు ఎక్కువ దూరం వీపు మీదే మోశాం. దారంతా బురద, అక్కడక్కడ మంచు. మలుపు తిరిగితే లింగం లేదు. రాతి చూరునుంచి నీళ్లు టపటపా కారుతున్నాయి, కింద నల్లటి తడి బండ, చుట్టూ కరగని మంచు కొంచెం. ఆయన దూరంగానే ఆగాడు.

"ఆ రోజు మూడో చుట్టు సగంలో ఆగిందండి" అన్నాడు.

"మీరు బూట్లు విప్పడానికి వీల్లేదు" అన్నాను, కాస్త గట్టిగానే.

"నేను విప్పను, డాక్టరమ్మకి మాటిచ్చాను. ఆ సగం మీరు తిరగండి."

"నాకు నమ్మకం లేదండీ రామ్మూర్తిగారూ."

"నమ్మకం నాదండి. కాళ్లే మీవి."

ఇంకేమంటాం? అరవై దాటినవాణ్ణి, బండ మీద కూర్చుని బూట్లు, మేజోళ్లు విప్పి పక్కపక్కన పెట్టాను. వెనకవైపు నుంచి మొదలుపెట్టి, మంచులోంచి, ఆ నీళ్లలోంచి నడిచాను. అమ్మబాబోయ్! కేక పెట్టాను.

"ఎలా ఉందండి?" అని అక్కణ్ణుంచే అడిగాడు.

"చచ్చిపోతున్నానండీ! సూదులు, సూదులు గుచ్చేస్తున్నాయి!"

"అన్ని వేళ్లకీనా?"

"ప్రతి వేలికీ!"

ఆయన చాలాసేపు నా కాళ్ల వైపే చూశాడు. చేతులు జోడించే ఉన్నాయి.

"అదృష్టవంతులండి మీరు" అన్నాడు. "ఇంకో చుట్టు కూడా తిరగండి."

తిరిగాను.